‘ఐ గోడ్’, ‘టూ ఫుట్స్’, ‘వాబిట్’: చిన్నపిల్లల ఇంగ్లీషు ముద్దు తప్పులపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడాదిన్నర నుంచి ఆరేడేళ్ల లోపు పిల్లలు ఇంగ్లీషు మాట్లాడటం మొదలుపెట్టాక దొర్లే తప్పుల గురించి అమ్మానాన్నలు, అమ్మమ్మ తాతయ్యలు, టీచర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఇంట్లో ఇంగ్లీషే వినే పిల్లలకీ, ఇంట్లో తెలుగు బయట ఇంగ్లీషు వినే పిల్లలకీ చాలావరకు జవాబులు ఒకటే. తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

నిన్నమొన్నటిదాకా ‘వెంట్’ అని చక్కగా అన్న పిల్ల ఇప్పుడు ‘గోడ్’ అంటోంది. నేర్చుకున్నది మర్చిపోతోందా?

లేదు, ముందుకే వెళ్తోంది. మొదట్లో ఆ పిల్లకి ‘వెంట్’ అనేది ‘గో’తో ఏ సంబంధమూ లేని ఓ విడి మాట. విన్నది విన్నట్టు అప్పజెప్పింది. ఆ తర్వాత ‘ప్లేడ్’, ‘ఓపెన్డ్’, ‘క్లీన్డ్’ లాంటివి బోలెడు చెవిన పడ్డాక, అయిపోయిన పనికి చివర ఓ ‘డ్’ చేరుతుందని తనంతట తానే కనిపెట్టింది. ఎవరూ చెప్పలేదు. కొత్తగా దొరికిన ఆ సూత్రాన్ని దానికి లొంగని క్రియలకీ ఒక్కోసారి తగిలిస్తుంది: ‘గోడ్’, ‘కమ్‌డ్’, ‘రన్‌డ్’, ‘ఈటెడ్’. మధ్యలో కొన్నాళ్లు పాతదీ కొత్తదీ కలిపి ‘వెంటెడ్’ అని కూడా అనొచ్చు. తర్వాత ఎప్పుడో ‘వెంట్’ తిరిగొస్తుంది. ఈసారి అది ‘గో’కి చెందిన మాటగా వస్తుంది. ముందు ఒప్పు, మధ్యలో తప్పు, చివర మళ్లీ ఒప్పు. గీత గీస్తే ఇంగ్లీషు ‘యూ’ అక్షరంలా ఉంటుంది కాబట్టి పరిశోధకులు దీన్ని యూ ఆకారపు ఎదుగుదల అంటారు.

ఈ తప్పు మనకి అనిపించినంత తరచుగా కూడా రాదు. 1992లో పరిశోధకులు గ్యారీ మార్కస్, స్టీవెన్ పింకర్, వాళ్ల సహచరులు 83 మంది పిల్లల సహజమైన మాటల్లోంచి ఇలాంటి క్రియల భూతకాల రూపాలు 11,521 ఏరి లెక్కగట్టారు. తప్పుల మధ్యస్థ శాతం 2.5. అంటే వందసార్లలో రెండు మూడుసార్లు. మిగతా తొంభై ఏడుసార్లు ‘వెంట్’, ‘కేమ్’, ‘ఏట్’ సరిగ్గానే వచ్చాయి. అవి మన చెవికి తగలవు కాబట్టి గుర్తుండవు.

ఇబ్బంది అసలు ఇంగ్లీషులోనే ఉంది. ఆ భాషలో ఎక్కువగా వాడే పది క్రియలు, అంటే బీ, హావ్, డూ, సే, మేక్, గో, టేక్, కమ్, సీ, గెట్, పదికి పదీ సూత్రానికి లొంగనివే. పిల్లలకి రోజంతా వినబడేవీ ఇవే. పైగా ‘వెంట్’ పుట్టుకతో ‘గో’కి చెందినది కాదు. ‘వెండ్’ అనే వేరే క్రియకి భూతకాల రూపం, చరిత్రలో ఎప్పుడో వచ్చి ‘గో’ పక్కన చేరింది. పిల్ల మెదడు ఆ రెంటికీ పొంతన కుదరక ‘గోడ్’ అన్నదంటే, అది చాలా సబబైన పని చేసిందన్నమాట. పెద్దవాళ్ల ఇంగ్లీషు కూడా ఇదే దారిలో నడిచింది. ‘హెల్ప్’కి ఒకప్పటి భూతకాలం ‘హోల్ప్’. తరాలు మారేకొద్దీ అది ‘హెల్ప్‌డ్’గా స్థిరపడింది.

సూత్రం కనిపెట్టారని ఎలా చెప్పగలం? ఎక్కడో విని అంటున్నారేమో?

ఈ సందేహం తీర్చడానికే 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు ఓ తేలికైన పరీక్ష చేశారు. పిట్టలాంటి ఊహాజీవి బొమ్మ చూపించి, దీని పేరు ‘వగ్’ అని చెప్పారు. తర్వాత రెండు బొమ్మలు చూపించి, ‘ఇప్పుడు ఇంకోటి వచ్చింది, రెండున్నాయి, ఇవి రెండు...’ అని ఆపారు. ప్రపంచంలో లేని మాట అది, పిల్లలు ముందు విని ఉండే వీలే లేదు. అయినా బడికి ఇంకా వెళ్లని పిల్లల్లో కూడా ఎక్కువమంది ‘వగ్జ్’ అని పూరించారు.

ఆ ‘జ్’ దగ్గర కాస్త ఆగండి. ఇంగ్లీషు బహువచనం రాతలో ఒకటే అయినా నోట్లో మూడు రకాలు. ‘క్యాట్స్’లో ‘స్’, ‘డాగ్జ్’లో ‘జ్’, ‘బసెజ్’లో ‘ఎజ్’. పిల్లలు ఈ తేడా కూడా పట్టేశారు. మూడోది మాత్రం కష్టమైంది. ‘గచ్’ అనే ఊహామాటకి ‘గచెజ్’ అనాల్సినచోట చాలామంది ‘గచ్’ అనే వదిలేశారు. మాట చివర అప్పటికే ‘స్’, ‘చ్’ లాంటి చప్పుడు ఉంటే, బహువచనం అక్కడే ఉందని పిల్లలకి అనిపిస్తుంది. ఇంట్లో మీ పాప ‘టూ హౌస్’, ‘త్రీ బస్’ అంటూ, ‘టూ క్యాట్స్’ మాత్రం సరిగ్గా అంటోందంటే కారణం ఇదే.

‘ఫుట్స్’ అంటాడు, మర్నాడు ‘ఫీట్స్’ అంటాడు. ఒకటి కుదిరాక ఇంకొకటి ఎందుకు?

‘ఫుట్స్’ అన్నప్పుడు సూత్రం తెలుసు, ‘ఫీట్’ ఇంకా తెలియదు. ‘ఫీట్స్’ అన్నప్పుడు ‘ఫీట్’ అనే మాట దొరికింది కానీ అది అప్పటికే బహువచనమని ఇంకా నమ్మకం కుదరలేదు. ‘టీత్స్’, ‘మైసెస్’, ‘చిల్డ్రన్స్’ కూడా ఈ రెండో రకమే. ‘ఫుట్స్’ కన్నా ‘ఫీట్స్’ ఓ మెట్టు పైన ఉన్నట్టు లెక్క.

మాటల్ని ఎక్కడపడితే అక్కడ విరుస్తోంది. ఎందుకలా?

రాసినప్పుడే మాటల మధ్య ఖాళీలుంటాయి. మాట్లాడేటప్పుడు ఉండవు. ఒకే ప్రవాహంలా వచ్చే ధ్వనిలో ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పిల్ల ఊహించుకోవాల్సిందే. ఆ ఊహ ఒక్కోసారి తప్పుతుంది.

దగ్గర్నుంచి చూడటానికి బాగా తెలిసిన ఉదాహరణ ఒకటుంది. పెద్దవాళ్లు ‘బిహేవ్!’ అని గదమాయిస్తారు. పిల్ల బుంగమూతి పెట్టి ‘ఐ యామ్ హేవ్!’ అంటుంది. ఆ చెవికి ‘బీ గుడ్’, ‘బీ క్వయెట్’ ఎలా వినబడ్డాయో ‘బీ హేవ్’ కూడా అలాగే వినబడింది. ‘బీ గుడ్’ అంటే ‘ఐ యామ్ గుడ్’ అని జవాబు చెప్పాలి కదా, మరి ‘బీ హేవ్’ అంటే ‘ఐ యామ్ హేవ్’ అనే చెప్పాలి. విరిచిన చోటు తప్పు కానీ, ఆ తర్వాత నడిపిన వ్యాకరణంలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

అక్షరమాల పాడుతూ ‘ఎల్, ఎమ్, ఎన్, ఓ’ నాలుగింటినీ కలిపి ‘ఎలెమెనో’ అనే ఒకే అక్షరం ఉందనుకోవడం, ‘ఎన్ ఆపిల్’ని ‘ఎ నాపిల్’ అనుకుని ‘మై నాపిల్’ అనడం, ‘ఇట్స్’ ఒకటే మాట అనుకుని ‘ఇట్స్ ఈజ్ మై బాల్’ అనడం ఇదే కోవలోవి. ‘ఐ డోంట్ నో’ అనే మూడు మాటలు చిన్న పిల్లకి ‘ఐడన్నో’ అనే ఒక ముద్ద. ఆ ముద్దని విడదీయడానికి నెలలు పడుతుంది.

ఇంగ్లీషు మాట్లాడే పెద్దలు కూడా ఇలాగే తప్పు విరిచి, ఆ తప్పునే నిఘంటువుకి ఎక్కించారు. ‘ఏప్రన్’ పాత రూపం ‘నాప్రన్’. ‘ఎ నాప్రన్’ కాస్తా ‘ఎన్ ఏప్రన్’ అయి ఊరుకుంది. ‘నిక్‌నేమ్’ది తిరుగు ప్రయాణం. అది ‘ఎన్ ఈక్‌నేమ్’గా మొదలై, తన ముందున్న మాటలోని ‘న’ని లాక్కుంది. బఠాణీని ‘పీ’ అంటాం కదా, అసలు ఏకవచనమే ‘పీజ్’. చివర ‘జ్’ ఉంది కాబట్టి బహువచనం అనుకుని, దాన్ని తీసేసి ‘పీ’ చేశారు.

నిఘంటువులో లేని మాటలు పుట్టిస్తున్నాడు. ఆపాలా?

ఆపకండి. ఇది మాటల కొరత తీర్చుకునే తెలివి. చీపురు చూపించి ‘బ్రూమ్ ఇట్’ అంటే ఊడ్చమని. ‘స్వీప్’ తెలియదు, వస్తువు పేరు తెలుసు, దాన్నే క్రియ చేశాడు. ఇంగ్లీషు పెద్దలకి కూడా ఈ వెసులుబాటు ఇచ్చింది: ‘హామర్’ వస్తువూ అవుతుంది, కొట్టడమూ అవుతుంది. ‘అన్‌లాక్’, ‘అన్‌టై’ విని ‘అన్‌క్లోజ్ ద డోర్’ అనడమూ అంతే.

ఇందులో ఇంకో రకం ఉంది. ‘డోంట్ గిగిల్ మీ’ అంటే నన్ను నవ్వించకు అని. భాషా శాస్త్రవేత్త మెలిస్సా బోవర్మన్ తన కూతుళ్ల మాటలు నమోదు చేసి ఇలాంటివాటిని లోతుగా పరిశీలించారు. ‘డోర్ ఓపెన్స్’ అనీ అంటాం, ‘ఐ ఓపెన్ ద డోర్’ అనీ అంటాం. మరి ‘ఐ గిగిల్’ అన్నప్పుడు ‘యూ గిగిల్ మీ’ ఎందుకు కుదరదు? తెలుగులో నవ్వు, నవ్వించు, పడు, పడేయి అని రూపం మారి తేడా తెలిసిపోతుంది. ఇంగ్లీషులో కొన్ని క్రియలకి రూపం మారదు, కొన్నింటికి అసలు ఆ వాడుకే లేదు. ఏది ఏదో పైకి చూసి చెప్పే గుర్తు ఉండదు. అందుకే ఈ రకం తప్పులు అయిదారేళ్లు దాటినా వస్తుంటాయి.

‘నో వాంట్’, ‘వై హీ కాంట్ కమ్?’ లాంటి వాక్యాలు ఎప్పటికి చక్కబడతాయి?

కాదు, వద్దు అని చెప్పడం ఇంచుమించు మూడు మెట్లలో వస్తుంది. మొదట వాక్యానికి ముందు ‘నో’ తగిలిస్తారు: ‘నో బెడ్’. తర్వాత ‘నో’ వాక్యం లోపలికి దూరుతుంది: ‘ఐ నో లైక్ ఇట్’. మూడో మెట్టులో ‘డోంట్’, ‘కాంట్’, ‘ఈజంట్’ కుదురుకుంటాయి. నాలుగేళ్లు నిండేసరికి ఎక్కువమంది ఈ మెట్లు ఎక్కేస్తారు.

ప్రశ్నల్లో చిక్కు వేరు. ఇంగ్లీషులో ప్రశ్నమాట ముందుకి రావాలి, సహాయక క్రియ కూడా కర్తని దాటి ముందుకి రావాలి. పిల్లలు మొదటిది చేసి రెండోది మర్చిపోతారు: ‘వాట్ యూ డూయింగ్?’, ‘వై హీ కాంట్ కమ్?’. కొందరు ముందుకి తెచ్చినదాన్ని పాత చోట కూడా ఉంచేస్తారు: ‘వై కాంట్ హీ కాంట్ కమ్?’. ‘డిడ్ యూ కేమ్?’లో ఉన్నదీ ఇదే: భూతకాలాన్ని రెండుచోట్ల వేశారు.

‘హీ గో’, ‘షీ లైక్’ అంటూ చివర ‘స్’ వదిలేస్తే కంగారు వద్దు. 1960లలో రోజర్ బ్రౌన్ అనే పరిశోధకుడు ముగ్గురు పిల్లల మాటల్ని ఏళ్ల తరబడి వెంబడించి, 14 చిన్న వ్యాకరణ ముక్కలు ఏ వరసలో వస్తాయో 1973లో ప్రచురించారు. ‘ఇంగ్’ అందరికన్నా ముందు వచ్చింది, ‘ఇన్’, ‘ఆన్’, బహువచనపు ‘స్’ ఆ వెనకే వచ్చాయి. ‘హీ గోస్’లోని ‘స్’ చాలా వెనక వచ్చింది. రెండు ‘స్’లూ నోటికి ఒకటే. కష్టం పలకడంలో లేదు, వ్యాకరణంలో ఉంది.

ఎత్తుకోమని అడగాల్సింది పోయి ‘క్యారీ యూ’ అంటుంది. ‘నేను’, ‘నువ్వు’ తెలియదా?

‘కప్పు’ ఎవరు అన్నా కప్పే. కానీ ‘ఐ’, ‘యూ’ మాట్లాడేవాళ్లని బట్టి చేతులు మారతాయి. మీరు పిల్లతో మాట్లాడినప్పుడల్లా ‘యూ’ అనే పిలుస్తారు కాబట్టి, ‘యూ’ తన పేరనుకోవడం సహజం. రెండున్నర, మూడేళ్ల మధ్య ఎక్కువమందిలో సర్దుకుంటుంది. అద్దం ముందు కూర్చోబెట్టి చెప్పడం కన్నా, ముగ్గురు కలిసి ఆడే ఆట మేలు. బంతి దొర్లిస్తూ ‘ఐ రోల్ టు యూ’, ‘యూ రోల్ టు నాన్న’ అంటే ఆ మాటలు ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి మారడం పిల్ల కళ్లారా చూస్తుంది.

‘మీ వాంట్’, ‘హర్ ఈజ్ స్లీపింగ్’ లాంటివి ఇంకొన్నాళ్లు నిలుస్తాయి, నాలుగేళ్ల దాకా కూడా.

నాలుగు కాళ్లుంటే చాలు, అన్నీ ‘డాగీ’నే!

ఏడాది నుంచి రెండున్నరేళ్ల లోపు మామూలు. ఆవుని కుక్క అనుకుంటోందని దీనర్థం కాదు. ‘డాగీ ఏది?’ అని రెండు బొమ్మలు పెట్టి అడిగితే చాలామంది సరిగ్గా కుక్కనే చూపిస్తారు. ఆవుకి మాట లేదు, దగ్గరి మాట వాడుకుంటోంది. ‘అవును, దానికీ నాలుగు కాళ్లున్నాయి. ఇది కౌ’ అనండి, సరిపోతుంది. దీనికి ఎదురుగా, తన బొమ్మ కారుని తప్ప ఇంకేదీ ‘కార్’ కాదనే పిల్లలూ ఉంటారు. అది మనం గమనించం, ఎందుకంటే అక్కడ తప్పు వినబడదు.

స్పూన్ ‘పూన్’, రాబిట్ ‘వాబిట్’, క్యాట్ ‘టాట్’. ఏది ఎప్పటికి పోవాలి?

ఇవి నోటికొచ్చినట్టు వచ్చే తప్పులు కావు. ఒక్కోదానికీ పద్ధతి ఉంది.

‘క’, ‘గ’ నాలుక వెనక భాగంతో పలకాలి. చిన్నపిల్లలకి నాలుక మొన మీద పట్టు ముందు దొరుకుతుంది కాబట్టి ‘క్యాట్’ని ‘టాట్’, ‘గో’ని ‘డో’ అంటారు. నాలుగేళ్ల లోపు పోవాలి. రెండు హల్లులు కలిసినచోట ఒకదాన్ని వదిలేయడం, ‘స్టాప్’కి ‘టాప్’, ‘బ్లూ’కి ‘బూ’ అనడం, నాలుగైదేళ్లకి తగ్గిపోతుంది. నొక్కి పలకని అక్షరాన్ని మింగేయడం, ‘బనానా’ని ‘నానా’ అనడం, అంతకన్నా ముందే పోతుంది. ‘ర’ బదులు ‘వ’ అయిదారేళ్ల దాకా ఉండొచ్చు. ‘థమ్’ని ‘ఫమ్’ అనడం అన్నిటికన్నా ఆలస్యంగా, ఆరేడేళ్లకి కూడా పోవచ్చు. పొడుగు మాటల్లో అక్షరాలు తారుమారు కావడం, ‘యానిమల్’ని ‘అమినల్’, ‘హాస్పిటల్’ని ‘హాస్టిపల్’ అనడం, బడి ఈడు పిల్లల్లోనూ ఉంటుంది.

ఇంటివాళ్లకి అన్నీ అర్థమవుతాయి కాబట్టి కొత్తవాళ్లకి ఎంత అర్థమవుతోందో చూడండి. రెండేళ్లకి సగం, మూడేళ్లకి ముప్పావు, నాలుగేళ్లకి దాదాపు అంతా అర్థం కావాలన్నది వాడుకలో ఉన్న మోటు లెక్క. అర్థమైతే చాలు, ప్రతి ధ్వనీ పొల్లుపోకుండా పలకాలని కాదు.

తను ‘ఫిస్’ అంటాడు, నేను ‘ఫిస్’ అంటే ఒప్పుకోడు. ఎలా?

1960లో జీన్ బెర్కో, రోజర్ బ్రౌన్ రాసిన సంగతే ఇది. ఓ పిల్లాడు తన బొమ్మ చేపని ‘ఫిస్’ అన్నాడు. పెద్దాయన ‘ఇది నీ ఫిస్సా?’ అంటే ‘కాదు, నా ఫిస్’ అన్నాడు. ‘ఇది నీ ఫిష్షా?’ అనేసరికి ‘అవును, నా ఫిస్’ అని ఒప్పుకున్నాడు. చెవికి తేడా తెలుసు, నోరు ఇంకా అందుకోలేదు. ‘సరిగ్గా విను’ అని గద్దించడం వల్ల లాభం లేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. వాడు వింటూనే ఉన్నాడు.

దిద్దాలా, వద్దా? దిద్దితే ఎలా?

నేరుగా ‘తప్పు, ఇలా అను’ అని అనిపించడం పనిచేయదు. 1966లో డేవిడ్ మెక్‌నీల్ అనే పరిశోధకుడు నమోదు చేసిన సంభాషణ ఇప్పటికీ పాఠంలా చెబుతారు. పిల్లాడు ‘నోబడీ డోంట్ లైక్ మీ’ అన్నాడు. తల్లి ‘నోబడీ లైక్స్ మీ అను’ అంది. వాడు మళ్లీ ‘నోబడీ డోంట్ లైక్ మీ’ అన్నాడు. ఇలా ఎనిమిదిసార్లు సాగింది. చివరికి తల్లి ‘ఇప్పుడు జాగ్రత్తగా విను’ అని మరోసారి చెబితే, వాడు ‘ఓ! నోబడీ డోంట్ లైక్స్ మీ’ అన్నాడు. చేరింది ఒక్క ‘స్’. ఆ పిల్లాడు చెప్పుకున్న బాధ మాత్రం అక్కడే ఉండిపోయింది. దిద్దుబాటులో పెద్ద నష్టం అదే: పిల్ల సంగతి చెబుతుంటే మనం వ్యాకరణానికి జవాబిస్తాం.

పనిచేసేది తిరిగి సరిగ్గా చెప్పడం. ఇలా ఉంటుంది:

‘అమ్మా, ఐ గోడ్ టు ద పార్క్!’
‘ఓ, యూ వెంట్ టు ద పార్క్! హూ వెంట్ విత్ యూ?’
‘తాతయ్య గోడ్.’
‘తాతయ్య వెంట్ టూ? వాట్ డిడ్ యూ సీ?’

ఇందులో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. జవాబు వెంటనే రావాలి. పిల్ల చెప్పిన సంగతికే రావాలి. సరైన మాటని కాస్త నిదానంగా, తేలిగ్గా ఒత్తి పలకాలి, కానీ పాఠం చెప్పే గొంతు పెట్టొద్దు. ఒకసారి ఒక తప్పునే ఎంచుకోవాలి. ఒక వాక్యంలో మూడు తప్పులుంటే మూడూ దిద్దబోతే మాట బరువైపోతుంది. ఆపైన ఓ కొత్త ముక్కో ప్రశ్నో చేర్చి సంభాషణ కొనసాగించాలి. చివరిది, అందరూ తప్పేది ఇక్కడే: సరిగ్గా తిరిగి అనమని అడగకూడదు. పై సంభాషణలో రెండోసారి కూడా పిల్ల ‘గోడ్’ అనే అంది చూడండి. ఫర్వాలేదు. సరైన రూపం చెవిన పడింది, సందర్భంతో సహా. ఆ జమ ఎప్పుడు పండుతుందో మన చేతిలో లేదు. వారాలు పట్టొచ్చు, కొన్ని క్రియలకి ఏళ్లు పట్టొచ్చు.

నవ్వొస్తే ఏం చేయాలి?

పిల్లతో కలిసి నవ్వచ్చు, పిల్లని చూసి నవ్వకూడదు. నాలుగేళ్ల పిల్లకి ఆ తేడా బాగా తెలుస్తుంది. చుట్టాల ముందు ‘ఏదీ, స్పగెటీని ఏమంటావో చెప్పు’ అని అనిపించడం మానండి. కొందరు ఆ తర్వాత ఆ మాటే పలకరు, కొందరు నవ్వించడానికి తప్పుని పట్టుకు వేలాడతారు. ముద్దుగా ఉందని ఇంట్లో ఒకటి రెండు మాటలు అందరూ వాడుకున్నా నష్టం లేదు. సరైన మాట కూడా రోజూ వినబడుతూ ఉంటే చాలు.

ఇంట్లో తెలుగు మాట్లాడతాం. మా పిల్లల తప్పులన్నీ తెలుగు వల్లేనా?

అన్నీ కావు, సగం కూడా కాకపోవచ్చు. ‘గోడ్’, ‘ఫుట్స్’, ‘వై హీ కాంట్’ ఏ భాష ఇంటి పిల్లలైనా అంటారు. 1974లో డూలే, బర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు స్పానిష్ మాట్లాడే ఇళ్ల పిల్లల్నీ, చైనీస్ మాట్లాడే ఇళ్ల పిల్లల్నీ పోల్చి చూస్తే, ఇంగ్లీషు వ్యాకరణ ముక్కలు రెండు రకాల పిల్లలకీ దాదాపు ఒకే వరసలో పట్టుబడ్డాయి.

అయినా తెలుగు వేలిముద్ర కనబడేవి ఉన్నాయి, అవి నిజంగా అందమైనవి. మనకి పాలు, నీళ్లు బహువచనాలు. ‘పాలు వేడిగా ఉన్నాయి’ అనే పిల్ల ‘మిల్క్స్ ఆర్ హాట్’ అనక ఏమంటుంది? కత్తెర, ప్యాంటు మనకి ఏకవచనం, ఇంగ్లీషులో బహువచనం. కాబట్టి ‘గివ్ మీ వన్ సిజర్’. నిద్ర మన దగ్గరికి వస్తుంది, అందుకే ‘స్లీప్ ఈజ్ కమింగ్’. లైటు వేస్తాం, తాళం వేస్తాం, చొక్కా వేసుకుంటాం, అందుకే ‘పుట్ ద లైట్’, ‘పుట్ ద లాక్’. ఒక్కగానొక్క బిడ్డ కూడా ‘మా అమ్మ’ అనే అంటుంది కాబట్టి ‘అవర్ మమ్మీ’. ‘చిన్న చిన్న ముక్కలు’ నుంచి ‘స్మాల్ స్మాల్ పీసెస్’. ‘బుక్కు గిక్కు’ అనే అలవాటు ‘నో బుక్ గిక్’ అని ఇంగ్లీషులోకీ నడిచొస్తుంది.

‘అక్క వచ్చింది’, ‘కుక్క వచ్చింది’, ‘బస్సు వచ్చింది’, మూడింటికీ క్రియ ఒకటే. అందుకే అక్కని ‘ఇట్’ అనడం కాస్త ఎక్కువకాలం ఉంటే ఆశ్చర్యం లేదు. ‘ఎ’, ‘ద’ తెలుగులో లేనే లేవు, అవి చాలా ఆలస్యంగా కుదురుతాయి. ‘టేబుల్ ఆన్’ అన్నా, ‘బల్ల మీద’ అనే మన వరస అది.

ఉచ్చారణలో ‘బస్సు’, ‘పెన్ను’ అని చివర అచ్చు చేర్చడం, ‘జీబ్రా’, ‘జిప్’లలో మన ‘జ’ వాడటం, ‘థ్రీ’ని ‘త్రీ’ అనడం తప్పులు కావు, యాస. తెలుగు నోటితో ఇంగ్లీషు మాట్లాడే పెద్దలు పలికినట్టే పిల్ల పలుకుతోంది. పైన చెప్పిన ‘టాట్’, ‘పూన్’లతో వీటిని కలిపి లెక్కేయకండి.

రెండు భాషలు కలిపేస్తోంది. తెలుగు ఆపేసి ఇంగ్లీషే మాట్లాడమంటున్నారు. ఆపాలా?

వద్దు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. ‘నాన్నా, ఐ ఫెల్, దెబ్బ తగిలింది’ అనే పిల్ల గందరగోళపడటం లేదు, తన దగ్గరున్న మాటలన్నీ వాడుకుంటోంది. ‘ఓపెన్ చెయ్యి’, ‘బాల్ విసిరెయ్’ అని పెద్దలం మనం రోజంతా చేసేదీ అదే. అలాంటి వాక్యాల్లో కూడా పిల్లలు తెలుగు ప్రత్యయం పెట్టాల్సిన చోటే పెడతారు. మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టండి. ఇంగ్లీషులో 30, తెలుగులో 40 ఉన్న పిల్లకి 70 మాటలున్నట్టు.

మీకు ధారాళంగా వచ్చే భాషలో కథలు, కబుర్లు, ఎందుకు ఏమిటి అనే చర్చలు సాగితేనే పిల్లకి మాటల సంపద పెరుగుతుంది. పొడిపొడిగా, తడుముకుంటూ మాట్లాడే ఇంగ్లీషు దానికి ప్రత్యామ్నాయం కాదు. కొత్తగా ఇంగ్లీషు బడిలో చేరిన పిల్ల కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు నోరు విప్పకపోవచ్చు. వింటోంది. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంటే ఆ మౌనానికి భయపడక్కర్లేదు.

ఏడేళ్లొచ్చినా ‘బ్రింగ్డ్’, ‘టీచ్డ్’ అంటోంది. ఆలస్యమా?

కాదు. తరచుగా వినబడే క్రియలు ముందు కుదురుతాయి, అరుదైనవి తర్వాత. ఇంగ్లీషులో సూత్రానికి లొంగని క్రియలు సుమారు 180 ఉన్నాయి. ఈ వయసులో చదువుకునే కథలే మంచి మందు, ఎందుకంటే భూతకాల క్రియలు మాటల్లో కన్నా కథల్లో దట్టంగా వస్తాయి.

ఏ తప్పులకి డాక్టర్ని కలవాలి?

ఈ పేజీలోని వ్యాకరణపు తప్పులు ఏవీ వాటంతట అవి జబ్బు గుర్తులు కావు. భయపడాల్సింది తప్పు మాటకి కాదు, మాట లేకపోవడానికి. ఏడాదికి కూడా ముద్దుపలుకులు, వేలెత్తి చూపడం, టాటా చెప్పడం లేకపోతే, 16 నెలలకి ఒక్క మాటా రాకపోతే, రెండేళ్లకి సొంతంగా రెండు మాటలు కలపకపోతే, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోతే, ఆగకుండా చూపించండి. ‘కొందరు ఆలస్యంగా మాట్లాడతారులే’ అని నెలలు గడపొద్దు. మూడేళ్లు దాటినా ఇంటివాళ్లకే అర్థం కాకపోయినా, మాట తడబడి దాంతోపాటు ముఖం బిగుసుకుపోతున్నా స్పీచ్ థెరపిస్ట్‌ని కలవండి. ఇంట్లో రెండు భాషలుంటే, తేడా రెండింట్లోనూ ఉందా అని మొదట చూస్తారు. ఒక్క ఇంగ్లీషులోనే ఉంటే అది నేర్చుకునే దశ.

అన్నిటికన్నా ముందు వినికిడి పరీక్ష చేయించండి. తరచూ జలుబు చేసే పిల్లల్లో చెవి లోపల నీరు చేరి వినికిడి తాత్కాలికంగా మందగిస్తుంది. ‘స్’, ‘ఫ్’, ‘థ్’ శ్రుతి ఎక్కువ, బలం తక్కువ ఉన్న ధ్వనులు, కాస్త వినికిడి తగ్గినా ముందు జారిపోయేవి ఇవే. ఇంగ్లీషులో బహువచనమూ, ‘హీ గోస్’ కూడా ఆ ‘స్’ మీదే నిలబడి ఉన్నాయి.

ఈ మాటలు రాసిపెట్టుకోవాలంటే ఎలా?

ఓ చిన్న నోటుబుక్కు వంటింట్లోనో మంచం పక్కనో పెట్టుకోండి. ఫోన్లో వెతుక్కునేలోపు మాట మారిపోతుంది. ఒక్కో నమోదుకి నాలుగు సంగతులు చాలు: తేదీతో పాటు వయసు ఏళ్లు నెలల్లో, పిల్ల అన్న మాట అన్నట్టుగా, అప్పుడు ఏం జరుగుతోంది, దాని ఉద్దేశం ఏమిటి. పరిశోధకులు ‘రెండేళ్ల మూడు నెలలు’ని 2;3 అని రాస్తారు, మీరూ అలాగే రాయొచ్చు. సొంపు కోసం మాటని చక్కబెట్టకండి, ‘కమ్‌డ్’ అంటే ‘కమ్‌డ్’ అనే రాయండి. అర్థం రాయకపోతే ఆర్నెల్ల తర్వాత మీకే తెలియదు. తెలుగు లిపిలో రాస్తే ఉచ్చారణ ఇంగ్లీషు స్పెల్లింగులో కన్నా దగ్గరగా దొరుకుతుంది: ‘వాబిట్’ అని రాసినదాన్ని ఇరవై ఏళ్ల తర్వాత చదివినా అలాగే వినబడుతుంది.

నెలకోసారి ఒక నిమిషం గొంతు రికార్డు చేయండి, ఆడుకుంటున్నప్పుడు, అడిగి అనిపించకుండా. చార్లెస్ డార్విన్ తన మొదటి కొడుకు గురించి ఇలాగే రాసుకున్న నోట్సుని 1877లో వ్యాసంగా అచ్చు వేయించారు. సరిగ్గా ఏడాది నిండేసరికి ఆ పిల్లాడు తిండికి ‘మమ్’ అని తనే ఓ మాట కట్టాడని అందులో ఉంది. ఒప్పు మాట వచ్చిన రోజు కూడా రాయడం మర్చిపోకండి. ‘వాబిట్’ పోయి ‘రాబిట్’ వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ గమనించరు.